పెద్దమనుషుల కాగితం విడాకులు కాదు: విడిపోవాలనుకునే దంపతులు ముందుగా తెలుసుకోవలసిన చట్టం

వంద రూపాయల స్టాంపు కాగితం మీద "మా ఇరువురి మధ్య మనస్పర్ధలు వచ్చినందున నేటి నుండి విడిపోయితిమి, ఇకపై ఒకరి మీద ఒకరికి ఎట్టి హక్కులూ లేవు" అని రాసి, ఇద్దరి సంతకాలు, నలుగురు పెద్దమనుషుల సాక్షి సంతకాలు పెట్టించి, కింద నోటరీ ముద్ర వేయించిన పత్రాలు మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల దాన్ని విడాకుల కాగితమంటారు, కొన్నిచోట్ల విడుదల పత్రమంటారు. పేరు ఏదైనా, హిందూ వివాహ చట్టం వర్తించే దంపతుల పెళ్లి ఆ కాగితంతో రద్దు కాదు. కోర్టు డిక్రీ ఇచ్చే రోజు వరకు వారు చట్టం దృష్టిలో భార్యాభర్తలే.

ఆ కాగితాన్ని నమ్మి ఇద్దరిలో ఎవరైనా మరో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు. మొదటి భాగస్వామి ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, మొదటి పెళ్లి సంగతి దాచిపెట్టి చేసుకున్నట్లు తేలితే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ రెండో పెళ్లిలో పుట్టిన పిల్లలను హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ సక్రమ సంతానంగానే గుర్తిస్తుంది గాని, రెండో భార్యకు చట్టబద్ధమైన భార్య హోదా మాత్రం రాదు.

ఇలాంటి కాగితాల్లో ఇంకొక చిక్కు కూడా ఉంటుంది, దాన్ని చాలామంది గమనించరు. భార్యకు, పిల్లలకు భరణం ఇప్పించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ (2024 జూలై 1కి ముందు అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్) ప్రకారం, దంపతులు పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్నట్లయితే భార్య ఆ సెక్షన్ కింద భరణం కోరలేదు. అత్తవారింటి నుంచి గెంటేసిన అమ్మాయి చేత "ఇష్టపూర్వకంగానే వేరుగా ఉంటున్నాను" అని సంతకం చేయించే పెద్దమనుషులకు ఆ మాట బరువు తెలియకపోవచ్చు. ఎదుటి పక్షం లాయరుకు తప్పక తెలుస్తుంది.

కాగితంతో పెళ్లి రద్దు కాదన్న మాటకు మినహాయింపు లేకపోలేదు. కులాచారం ప్రకారం విడాకులు ఇచ్చుకునే హక్కును హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ కాపాడింది. అయితే అటువంటి ఆచారం తరతరాలుగా ఎడతెగకుండా నడుస్తున్నదని, అది తమ కులానికి వర్తిస్తుందని చెప్పుకునేవారే సాక్ష్యాలతో రుజువు చేయాలి. "మాలో ఇలాగే చేస్తాం" అన్న ఒక్క మాట సరిపోదు. షెడ్యూల్డ్ తెగల విషయం వేరు: కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం వారికి వర్తించదు కనుక మన్యంలోని కోయ, కొండదొర, గోండు కుటుంబాల్లో తెగ ఆచారమే ప్రమాణం.

ముందు మీ పెళ్లి ఏ చట్టం కిందిదో చూసుకోవాలి

హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నవారు సర్టిఫికెట్‌ను ఒకసారి తీసి పైభాగంలో ఏ చట్టం పేరు ఉందో చదవాలి; గుడిలో తాళి కట్టి తర్వాత హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడం ఒకటి, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ ఎదుటే పెళ్లి చేసుకోవడం మరొకటి. పిటిషన్‌లో సెక్షన్లు తప్పుగా పడటానికి ఈ తేడా గమనించకపోవడమే తరచుగా కారణమవుతుంది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. అందులో పరస్పర అంగీకార విడాకులను 2001 సవరణతో చేర్చారు.

ముస్లింలలో ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు ఇచ్చింది. 2019 చట్టం దాన్ని మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరంగా మార్చింది. భార్య విడిపోవాలనుకుంటే ఖులా మార్గం ఉంది, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద కోర్టుకు వెళ్లే మార్గమూ ఉంది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని సుప్రీంకోర్టు 2024 జూలై 10న స్పష్టం చేసిన కేసు తెలంగాణ నుంచి వెళ్లినదే. ఇక్కడి నుంచి ప్రధానంగా హిందూ వివాహ చట్టాన్ని ఆధారం చేసుకొని చెబుతాను.

వేరుగా ఉండటం, న్యాయిక వేర్పాటు, విడాకులు

ఈ మూడూ ఒకటి కావు. పుట్టింటికి వెళ్లి ఏళ్ల తరబడి ఉన్నా అది చట్టపరంగా ఏ హోదానూ మార్చదు. 10వ సెక్షన్ కింద కోర్టు ఇచ్చే న్యాయిక వేర్పాటు డిక్రీతో కలిసి కాపురం చేయవలసిన బాధ్యత తొలగుతుంది గాని పెళ్లి నిలిచే ఉంటుంది. మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీలుండదు, ఒకరు వీలునామా రాయకుండా చనిపోతే రెండోవారు వారసులుగానే ఉంటారు. ఆ డిక్రీ తర్వాత ఏడాది పాటు ఇద్దరూ మళ్లీ కలవకపోతే, ఆ కారణం మీదనే ఎవరైనా విడాకులు కోరవచ్చు. తొందరపడి తెంచుకోవడం ఇష్టం లేనివారికి ఇది పనికివచ్చే మధ్యేమార్గమే అయినా మన కోర్టుల్లో దీన్ని అడిగేవారు తక్కువ.

దీనికి ఎదురుగా ఉన్నది 9వ సెక్షన్, అంటే కాపురానికి రమ్మని ఆదేశించమని కోరే పిటిషన్. ఈ సెక్షన్ చరిత్రలో తెలుగువారి కేసు ఒకటి ఉంది. నటి సరితను కాపురానికి పంపమని ఆమె భర్త కడప సబ్‌కోర్టులో వేసిన పిటిషన్ హైకోర్టుకు చేరినప్పుడు, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ స్త్రీ శరీరం మీద ఆమెకు గల స్వేచ్ఛను హరిస్తుందని చెప్పి రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది కనుక సెక్షన్ ఇంకా పుస్తకంలో ఉంది. ఆచరణలో ఈ పిటిషన్‌ను నిజంగా కాపురం కోరి వేసేవారి కంటే, భరణం కేసుకు జవాబుగా వేసేవారే ఎక్కువగా కనిపిస్తారు. డిక్రీ వచ్చినా ఎవరినీ చేయిపట్టి లాక్కుపోరు. ఆస్తి జప్తు వరకే అమలు. పైగా ఆ డిక్రీని పాటించనంత మాత్రాన భార్యకు భరణం ఆగిపోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. కాబట్టి 9వ సెక్షన్ నోటీసు అందితే భయపడి పరుగెత్తడమూ వద్దు, పట్టించుకోకుండా ఊరుకోవడమూ వద్దు. కౌంటర్ (కోర్టుకు రాతపూర్వక జవాబు) వేసి, ఎందుకు వెళ్లలేకపోతున్నారో కారణాలు రికార్డు మీద పెట్టాలి.

ఇద్దరికీ ఇష్టమైతే

పరస్పర అంగీకార విడాకులకు 13బి సెక్షన్ మార్గం. పిటిషన్ వేసే నాటికి ఇద్దరూ కనీసం ఏడాదిగా వేరుగా ఉండాలి. వేరుగా ఉండటమంటే వేరు ఇళ్లలో ఉండటమే కాదు. ఒకే కప్పు కింద ఉన్నా దంపతులుగా జీవించకపోతే అది వేరుగా ఉన్నట్లేనని సుప్రీంకోర్టు 1991లో సురేష్టాదేవి కేసులో వివరించింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకముందే ఇద్దరూ మళ్లీ కోర్టును కోరాలి. ఉదాహరణకు 2025 జూన్ 10న పిటిషన్ వేసినవారు డిసెంబరు 10 తర్వాత, 2026 డిసెంబరు 10 లోపు రెండో అడుగు వేయాలి. జడ్జి ఇద్దరినీ విడివిడిగా పిలిచి, సంతకం ఇష్టపూర్వకంగా చేశారా, ఎవరైనా బలవంతపెట్టారా, డబ్బు అందిందా అని అడుగుతారు. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా "నాకు ఇష్టం లేదు" అంటే పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది.

ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, తగిన సందర్భాల్లో కోర్టు దాన్ని తొలగించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకు మొదటి పిటిషన్‌కు ముందే ఏడాదిన్నర వేరుగా ఉండి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ తేలిపోయి ఉండాలి. పదిహేను రోజుల్లో విడాకులు ఇప్పిస్తామని ఎవరైనా చెబితే ఈ షరతులు ముందు గుర్తుకు రావాలి.

ఒప్పందం రాసుకునేటప్పుడు జాగ్రత్త పడవలసింది డబ్బు చేతులు మారే క్రమం విషయంలో. ఇరవై లక్షలకు ఒప్పుకున్నారనుకుందాం. మొత్తం ముందే ఇచ్చేస్తే రెండో వాయిదాకు అవతలివారు రాకపోవచ్చు. మొత్తం చివర్లో ఇస్తామంటే డిక్రీ వచ్చాక మొహం చాటేయవచ్చు. అందుకే అనుభవమున్న లాయర్లు కొంత మొత్తాన్ని మొదటి పిటిషన్ నాడు, మిగతాది రెండో వాయిదా నాడు జడ్జి ఎదుటే డిమాండ్ డ్రాఫ్టుగా ఇచ్చేటట్లు రాయిస్తారు, డీడీ నంబరు, తేదీ, బ్యాంకు పేరు కూడా రికార్డులోకి ఎక్కిస్తారు. బంగారం వాపసు ఇస్తే వస్తువుల వారీగా తూకం రాసి సంతకం తీసుకోవాలి. "నగలు ముట్టినవి" అన్న ఒక్క ముక్క తర్వాత ఎన్ని తగవులు పెడుతుందో కోర్టు గుమస్తాలను అడిగితే చెబుతారు.

ఒకరికి ఇష్టం లేకపోతే

అప్పుడు 13వ సెక్షన్‌లోని కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి: వ్యభిచారం, క్రూరత్వం, కనీసం రెండేళ్లు విడిచిపెట్టి పోవడం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం మొదలైనవి. వ్యభిచారం 2018 తర్వాత నేరం కాదు గాని విడాకులకు కారణంగా నిలిచే ఉంది. పెళ్లయిన ఏడాదిలోపు, అసాధారణమైన కష్టం ఉందని కోర్టు అనుమతిస్తే తప్ప, పిటిషన్ వేయడానికి వీల్లేదు.

ఎక్కువ కేసులు క్రూరత్వం మీదనే నడుస్తాయి, దాని హద్దులను తేల్చిన తీర్పుల్లో మన రాష్ట్రం నుంచి వెళ్లినవీ ఉన్నాయి. శ్రీనివాసరావు, దీప కేసులో 2013లో సుప్రీంకోర్టు, జీవిత భాగస్వామి మీద పరువు తీసే తప్పుడు ఫిర్యాదులు వరుసగా చేయడం కూడా మానసిక క్రూరత్వమేనని చెప్పి విడాకులు ఇచ్చింది. అదే తీర్పులో భార్యకు 15 లక్షల రూపాయలు ఇవ్వమని భర్తను ఆదేశించింది. అదే ఏడాది, ఇద్దరూ డాక్టర్లైన దంపతుల కేసులో, భార్యకు స్కిజోఫ్రీనియా ఉందన్న కారణంతో భర్త కోరిన విడాకులను నిరాకరించింది. జబ్బు పేరు చెబితే చాలదు, కలిసి జీవించడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని చూపాలి అన్నది దాని సారం.

"పదేళ్లుగా ఎవరి దారి వారిదే, ఇంకేం మిగిలింది?" అని చాలామంది అడుగుతారు. బంధం పూర్తిగా విరిగిపోయిందన్నది హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణం కాదు. ఆ కారణం మీద విడాకులు ఇవ్వగలిగేది రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టు ఒక్కటే అని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. జిల్లా కోర్టులో ఆ పదేళ్లను "విడిచిపెట్టి పోవడం" గానో "క్రూరత్వం" గానో రుజువు చేసుకోవలసిందే.

రుజువులంటే తేదీలు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నారు అన్నది రాసి పెట్టుకున్న నోటుబుక్కు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పంచాయితీకి హాజరైనవారి పేర్లు అవసరమవుతాయి. వాట్సాప్ సందేశాలను ప్రింటు తీసి ఇస్తే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, కనుక ఫోను మార్చినా పాత ఫోనును పారేయకూడదు.

ఎక్కడ వేయాలి

పెళ్లి గుంటూరులో జరిగింది, ఆఖరిసారి కలిసి ఉన్నది హైదరాబాదులో, ఇప్పుడు భర్త పుణెలో, భార్య రాజమహేంద్రవరంలో పుట్టింట్లో ఉన్నారనుకుందాం. భర్త విడాకుల పిటిషన్‌ను గుంటూరులోగాని, హైదరాబాదులోగాని, భార్య ఉంటున్న రాజమహేంద్రవరంలోగాని వేయాలి. తానున్న పుణెలో వేయడానికి లేదు. భార్యకైతే నాలుగు ఊళ్లూ అందుబాటులో ఉన్నాయి, ఎందుకంటే 2003 సవరణ ఆమె నివాసమున్న చోటే వేసే వీలు కల్పించింది. భర్త హైదరాబాదులో వేస్తే, దాన్ని తన ఊరికి బదిలీ చేయమని ఆమె కోరవచ్చు. రెండు రాష్ట్రాల మధ్య బదిలీ కనుక సుప్రీంకోర్టుకు వెళ్లాలి.

ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట కేసు నంబరు ఎఫ్‌సీఓపీ అని, లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్ఎంఓపీ అని పడుతుంది. దానిలో మధ్యంతరంగా అడిగేవి ఐఏలు, మేజిస్ట్రేటు కోర్టులోని గృహహింస కేసు డీవీసీ. ఒకే కుటుంబానికి ఇవి మూడు నాలుగు ఒకేసారి నడుస్తుంటాయి, వాయిదాలు కలగాపులగమవుతాయి. ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరును రాసి పెట్టుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు. సమన్లు అందినా వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే ఇచ్చే డిక్రీ, వస్తుంది, దాన్ని తీయించుకోవడానికి గడువు ముప్ఫై రోజులే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోను చేస్తే వివరాలు చెబుతారు.

డబ్బు, ఇల్లు, పసుపు కుంకుమ

కేసు నడుస్తుండగా 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, ఖర్చులు కోరవచ్చు. ఆదాయం లేనివారు భర్తలైనా కోరవచ్చు. 2020లో రజనీష్, నేహ కేసు తర్వాత ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం తెలిపే అఫిడవిట్ వేయడం తప్పనిసరి అయింది, భరణం కూడా దరఖాస్తు చేసిన తేదీ నుంచే లెక్కించాలి. జీతం దాచారని అనుమానముంటే ఈ అఫిడవిట్‌ను పట్టుకునే ప్రశ్నించాలి.

విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుందన్న మాట మన చట్టంలో లేదు. ఎవరి పేరున ఉన్నది వారిదే; ఇద్దరి పేర్లా ఉన్న ఇంటి రుణానికి విడాకుల తర్వాత కూడా బ్యాంకు ఇద్దరినీ బాధ్యులుగానే చూస్తుంది. స్త్రీధనం సంగతి వేరు. పుట్టింటివారు పెట్టిన బంగారం, వెండి, ఆమెకు వచ్చిన కానుకలు ఎవరి బీరువాలో ఉన్నా ఆమె సొంతమే, ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటే అది నమ్మకద్రోహ నేరమవుతుందని 1985లోనే ప్రతిభా రాణి కేసులో తేలింది. పెళ్లి ఫొటోలు, నగల బిల్లులు, పెళ్లినాటి లగ్నపత్రికతో పాటు రాసుకున్న సామాన్ల జాబితా ఇక్కడ అక్కరకు వస్తాయి. పసుపు కుంకుమల కింద ఇచ్చామని చెప్పుకునే పొలం ఎవరి పేరున రిజిస్టరై ఉందో ఇప్పుడే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూసుకోవడం మంచిది. చాలా ఇళ్లలో అది ఇంకా తండ్రి పేరునే ఉంటుంది, కొన్ని ఇళ్లలో అల్లుడి పేరున ఉంటుంది.

హింస ఉన్నచోట విడాకుల దాకా ఆగనక్కర్లేదు. 2005 గృహహింస చట్టం కింద భార్య ఉమ్మడిగా నివసించిన ఇంట్లో ఉండే హక్కు కోరవచ్చు, ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే. 2020లో సతీష్ అహుజా కేసు ఈ మాటను ఖాయం చేసింది.

పిల్లల విషయంలో కోర్టు చూసేది పిల్లల మేలు ఒక్కటే. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది, ఆపైన పరిస్థితిని బట్టి ఉంటుంది. రాజీ పత్రంలో "వారానికోసారి చూడవచ్చు" అని వదిలేయకుండా ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు తీసుకువెళ్లి ఎవరు దింపాలి, సంక్రాంతి సెలవులు ఎవరి దగ్గర, స్కూలు ఫీజు ఎవరిది, పాస్‌పోర్టుకు ఎవరు సంతకం చేయాలి అన్నవన్నీ రాయాలి. తల్లి తన భరణం వదులుకున్నా బిడ్డకు రావలసింది వదిలేయలేదు.

విదేశాల్లో ఉన్నవారికి

తిరుపతిలో 1975లో పెళ్లి చేసుకున్న ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి, బంధం విరిగిపోయిందన్న కారణంతో విడాకులు తెచ్చుకొని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో నరసింహారావు, వెంకటలక్ష్మి కేసుగా తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీని గుర్తించలేదు, ఎందుకంటే ఆ కోర్టుకు మన చట్టం ప్రకారం అధికారం లేదు, ఆ కారణమూ మన చట్టంలో లేదు. అవతలివారు ఆ కోర్టుకు స్వచ్ఛందంగా హాజరై వాదించినా, విడాకులకు అంగీకరించినా లెక్క మారుతుంది. కాబట్టి అక్కడి నుంచి కాగితాలు వస్తే ఏదో ఒక జవాబు రాసి పంపేముందు, ఆ జవాబే అంగీకారం కింద లెక్కకు వస్తుందేమో ఇక్కడి లాయరును అడిగి తెలుసుకోవాలి.

డిక్రీ చేతికి వచ్చాక

డిక్రీ, తీర్పు రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు జతలు తీయించాలి. అవతలివారికి ఇష్టం లేకపోయినా పోరాడి తెచ్చుకున్న డిక్రీ అయితే అప్పీలు గడువు ముగిసే వరకు, అంటే చట్టంలో చెప్పిన 90 రోజులు దాటి, అప్పీలు వేయలేదని నిర్ధారించుకునే వరకు మళ్లీ పెళ్లి ముహూర్తం పెట్టుకోకూడదు. ఈలోపు పీఎఫ్, బీమా, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేర్లు, రేషన్ కార్డు, పాస్‌పోర్టులోని భాగస్వామి పేరు మార్పించుకోవాలి. ఆ స్టాంపు కాగితం బీరువాలో ఉంటే దాన్ని చించేయకుండా డిక్రీతో పాటే ఒక కవరులో పెట్టి ఉంచడం మంచిది; వేరుగా ఉన్న తేదీకి అది ఎప్పుడైనా సాక్ష్యంగా అవసరపడవచ్చు.